వర్జ్యం దాటేదాకా

శిరీషను ఎడమ పక్కకు తిప్పి, కింద తడిసిన గుడ్డ లాగి చూశాను. ఉమ్మనీరు మామూలుగా బియ్యం కడిగిన నీళ్ళలా పలచగా ఉంటుంది. ఆ గుడ్డ మీద ఉన్నది గోంగూర ఉడికించిన నీళ్ళ రంగు. చిక్కగా కూడా ఉంది. బిడ్డ కడుపులోనే దొడ్డికి వెళ్ళింది. లోపల ఊపిరి చాలని బిడ్డ చాలాసార్లు అలా చేస్తుంది. 

"ఏందక్కా, ఏమైంది?" అంది శిరీష, నా మొహం చూసి.

"ఏం లేదమ్మా, నీళ్ళు పోయినై. కదలకుండా ఇట్టాగే పడుకో," అన్నాను.

కడుపు మీద డాప్లర్ పెట్టి బిడ్డ గుండె విన్నాను. నొప్పి వచ్చినప్పుడల్లా బిడ్డ గుండె నెమ్మదిస్తోంది. నొప్పి పోయాక మళ్ళీ పుంజుకోవాలి. పుంజుకుంటోంది గానీ, ఆలస్యంగా, ఎక్కలేక ఎక్కుతోంది. కింద హాల్లో శుక్రవారం పూజ గంట మోగుతోంది. హారతి అయ్యేదాకా మా డాక్టరు మేడం గారు పైకి రారు. ఆక్సిజన్ పెట్టి, పక్కనున్న ట్రైనీ అమ్మాయిని డాప్లర్ వింటూ ఉండమని చెప్పి, మెట్లు దిగి పరుగెత్తాను.

మిగతాది చెప్పేముందు నేనెవరో చెప్పాలి.

పని మానేసినదాని మాటలు

నా పేరు సుజాత. నరసరావుపేటలో ఒక ప్రైవేటు కాన్పుల ఆసుపత్రిలో తొమ్మిదేళ్ళు స్టాఫ్ నర్సుగా చేశాను. బీఎస్సీ నర్సింగ్ చదివాను. ముప్ఫై నాలుగేళ్ళ మనిషికి పదవీ విరమణ అనే మాట నప్పదని మా ఆయన నవ్వుతాడు. ఆయన శావల్యాపురంలో టీచరు, ఆయనకు విరమణ అంటే శాలువా, దండ. నాకు అవేమీ లేవు. కానీ ఆ పనికి మళ్ళీ వెళ్ళను కాబట్టి, నా వరకు అది విరమణే.

మా బజారులో ఇద్దరు ఆడపిల్లలు ఈ ఏడాది నర్సింగ్ పూర్తిచేశారు. "ఎట్టుంటదక్కా ఆ పని?" అని అడుగుతున్నారు. ఇంజెక్షన్లు, డ్యూటీలు, జీతాలు వాళ్ళకు చేరిన వారంలోనే తెలుస్తాయి. ఎవరూ ముందుగా చెప్పనిది ఒకటుంది, అది రాస్తున్నాను. పిల్లలు నిద్రపోయాక తప్ప నాకు కుదరదు కాబట్టి రాతలో తొందర కనిపిస్తే క్షమించండి. కోపం కనిపిస్తే మాత్రం క్షమించనక్కర్లేదు. దాన్ని దాచే ఉద్దేశం నాకు లేదు.

మంచి రోజుల రద్దీ

కాన్పుల ఆసుపత్రిలో పని ఎక్కువయ్యేది జబ్బుల కాలంలో కాదు, మంచి రోజుల్లో. అమావాస్య ముందు రోజుల్లో మా ఆపరేషన్ థియేటర్ ఖాళీగా ఉండేది. దశమి, ఏకాదశి, మంచి నక్షత్రం కలిసిందంటే ఒకే గంటలో ముగ్గురు తల్లులు వరసగా పడుకుని ఉండేవాళ్ళు. ముగ్గురికీ సిద్ధాంతి చీటీలే. కడుపులో బిడ్డకు ఎన్నో వారమో చెప్పలేని వాళ్ళు కూడా లగ్నం నిమిషాలతో సహా చెప్పేవారు.

ఒకసారి ఒక తాతగారు థియేటర్ తలుపు దగ్గర నన్ను ఆపాడు. చేతిలో ఫోను, అవతల సిద్ధాంతి. "సిస్టరమ్మా, టైం అంటే తల బయటికొచ్చిన టైమా, కాళ్ళు బయటికొచ్చిన టైమా? అయ్యగారు అడుగుతున్నాడు," అన్నాడు. లోపల ఆయన కోడలికి రక్తస్రావం ఆగడం లేదు. నేను గుడ్డల కోసం పరుగెత్తుతున్నాను. "తప్పుకో తాతా," అన్నాను. నాకు మర్యాద తెలియదని ఆయన మేడం గారికి ఫిర్యాదు చేశాడు.

మేడం గారు దానికొక పద్ధతి పెట్టారు. మొదటి ఏడుపే పుట్టిన టైం. అది కూడా మేడం గారు గట్టిగా పలికిందే లెక్క. ముగ్గురు తల్లులు వరసగా ఉన్న రోజు మూడో బిడ్డకు కూడా ముహూర్తం ఎలాగో అందేది. ఈ ఊళ్ళో ఎంతమంది పిల్లల జాతకాలు మా థియేటర్లో బాగుపడ్డాయో ఏ సిద్ధాంతికీ తెలియదు. అప్పట్లో మేం నర్సులం దీన్ని తలుచుకుని టీ తాగుతూ నవ్వుకునేవాళ్ళం. అవసరం లేకుండా బిడ్డను ముందే కోసి తీయడం అన్యాయమే, కానీ అందులో చాలామంది క్షేమంగానే బయటపడేవారు. కాన్పును ముందుకు జరిపితే నవ్వు వచ్చింది. వెనక్కు జరిపితే ఏమవుతుందో అప్పటికి చూడలేదు.

మేడం గారు

ఆమెను చెడ్డమనిషిగా రాయడం నాకు తేలిక. అది అబద్ధం అవుతుంది. ఆమె అంత నున్నగా పని చేసే డాక్టరును నేను మళ్ళీ చూడలేదు. కుట్టు వేస్తే ఏడాది తర్వాత గీత వెతుక్కోవాలి. రక్తస్రావం ఎలా ఆపాలో, మాయ ఎలా తీయాలో నాకు చెయ్యిపట్టి నేర్పింది ఆమే.

నేను చేరిన కొత్తలో, ఒక అమావాస్య పూట, ఇంటివాళ్ళు వద్దు వద్దని కాళ్ళకడ్డం పడుతున్నా వినకుండా ఒక అమ్మాయికి ఆపరేషన్ చేసింది. "ఇంకాసేపు ఆగితే మీకు తల్లీ ఉండదు, బిడ్డా ఉండదు. జరగండి!" అని ఆమె వేసిన కేక నాకింకా గుర్తు. ఇద్దరూ బతికారు. వాళ్ళు దండం పెట్టలేదు. ఊరంతా తిరిగి 'అమావాస్య పూట కోసిన డాక్టరమ్మ' అని చెప్పారు. రెండిళ్ళ అవతలి ఆసుపత్రికి జనం మళ్ళారు. ఆ ఏడాదే మా రిసెప్షన్‌లో వెండి మందిరం వచ్చింది. నుదుట బొట్టు పెద్దదైంది. శుక్రవారం పూజ వచ్చింది, నర్సులందరూ పసుపు రంగు చీరతో రావాలన్న నియమం వచ్చింది, గోడ మీద పంచాంగం వచ్చింది. జనం తిరిగి వచ్చారు. 'ఎంత భక్తి అమ్మకి' అన్నారు.

ఆమెలో భక్తి లేదని నేను అనను. గుండెల్లో ఏముందో చూసే యంత్రం మా దగ్గర లేదు. నాకు కనిపించింది ఒకటే. పూజ పెరిగేకొద్దీ ఆ కేక తగ్గిపోయింది. 'జరగండి' అన్న మనిషి 'మీ ఇష్టం' అనడం మొదలుపెట్టింది.

ఇంకో ఇద్దరు

ఇది ఒక మతం సంగతి అనుకునేరు. మా హెడ్ నర్సు మెడలో శిలువ ఉండేది. ప్రతి కాన్పుకు ముందు కళ్ళు మూసుకుని, పక్కవాళ్ళకు వినిపించేలా ప్రార్థన చేసేది. ఆమెన్ అన్న నోటితోనే, నొప్పులకు తాళలేక అరుస్తున్న పిల్లను తొడ మీద చరిచి, "అప్పుడు లేని అరుపులు ఇప్పుడెందుకే?" అనేది. ఆదివారం ఆరాధనకు ఆలస్యం అవుతుందని సగంలో వదిలి పోయిన కాన్పులు నాకు తెలుసు.

అదే వరండాలో ఒక మెకానిక్ వాళ్ళమ్మ ఖాజాబీ గారిని చూశాను. రంజాన్ నెల. మూలన చాప వేసుకుని నమాజులో ఉంది. కోడలికి వెంటనే ఆపరేషన్ కావాలి, కొడుకు ఊళ్ళో లేడు. పిలవాలా, ఆగాలా అని నేను తలుపు దగ్గర తచ్చాడుతున్నాను. ఆమె నా అడుగుల చప్పుడు విని మధ్యలోనే లేచి వచ్చింది.

"ఏందమ్మా, పిల్ల సంగతేనా?"

"అవునమ్మా. మీ నమాజు..."

"అది మళ్ళా చదువుకుంటా. అల్లా ఏడకీ పోడు. నువ్వు పిల్లను లోపలికి తీసకపో, నిలబడతావేంది!"

తొమ్మిదేళ్ళలో నేను విన్న ప్రార్థనల్లో నాకు నిజమనిపించినది అది. సగంలో ఆగిపోయింది కాబట్టే.

ఆ శుక్రవారం

మెట్లు దిగి పరుగెత్తానని చెప్పాను కదా. మేడం గారు పీట మీద కళ్ళు మూసుకుని ఉన్నారు. వెనుక శిరీష మామగారు కోటయ్య గారు చేతులు జోడించి నిలబడి ఉన్నారు. నకరికల్లు వైపు పెద్ద రైతు. నల్లబట్టలు, మెడలో మాల, దీక్షలో ఉన్నారు. కోడలికి పొద్దున్నే నొప్పులు వచ్చినా, సిద్ధాంతి ఇచ్చిన ముహూర్తం మధ్యాహ్నం, వర్జ్యం దాటాక. అదీ ఆయన నమ్మకం.

మేడం గారి చెవి దగ్గర వంగి చెప్పాను. "ఉమ్మనీరు పచ్చగా పోయింది మేడం. చిక్కగా ఉంది. గుండె పడిపోతోంది."

ఆమె కళ్ళు తెరవలేదు. ఒక వేలు పైకెత్తారు, ఆగమని. హారతి అయింది. కళ్ళకద్దుకున్నారు. అప్పుడు పైకి వచ్చారు. పరీక్ష చేశారు. ఆమె మొహం మారడం నేను చూశాను. ఆమెకు తెలుసు. ఇది నేను ఎక్కడైనా చెబుతాను, ఆమెకు తెలుసు.

బయటికి వచ్చి కోటయ్య గారితో అన్నారు. "పెద్దాయనా, కొంచెం ముందే చేద్దామా? బిడ్డ కాస్త ఇబ్బంది పడుతున్నట్టుంది."

"ఇప్పుడు వర్జ్యం నడుస్తంది గదమ్మా. మీకు తెలియందేముంది? మా ఇంట్లో మొదటి మనవడు. నలభై ఒక్క రోజుల దీక్షలో ఉన్నా, ఆ స్వామే చూసుకుంటాడులే."

శిరీష భర్త మురళి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నేను అతని వైపు చూశాను. అతను చెప్పుల వైపు చూసుకున్నాడు.

"మరి మీ ఇష్టం," అన్నారు మేడం గారు. నా వైపు తిరిగి, "ఎడమ పక్కకు పడుకోబెట్టి సెలైన్ ఎక్కించు. ఆక్సిజన్ తియ్యకు," అన్నారు.

కొత్తగా చేరే పిల్లలూ, ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. బిడ్డ గుండె పడిపోతున్నప్పుడు డాక్టరు ఇంటివాళ్ళను 'చేద్దామా' అని అడగకూడదు. వాళ్ళకు తెలియదు. తెలిసినవాళ్ళు నిర్ణయం చేసి, దాని బరువు తామే మోయాలి. ఇంటివాళ్ళు సంతకం పెట్టకపోతే తల్లిని అడగాలి. శిరీష చదువుకున్న పిల్ల, ఆ గదిలోనే ఉంది, ఎవరూ ఆమెను అడగలేదు. అడగనివ్వలేదు కూడా. నేను ఆమెకు చెప్పబోతుంటే మేడం గారు గుమ్మంలోంచి, "సుజాతా, పేషెంటును భయపెట్టకు," అన్నారు.

మత్తు డాక్టరు ప్రసాద్ సార్‌కు నేనే ఫోన్ చేశాను. ఆయన ఊళ్ళోని నాలుగైదు ఆసుపత్రులకు తిరుగుతుంటాడు. సిగరెట్లు, బూతులు. గుడి మెట్లెక్కడు, పండగ రోజున కూడా నలిగిన చొక్కానే. మా పూజకు ఒక్కసారి కూడా రాలేదు. దేవుడంటే లెక్కలేదని మా హెడ్ నర్సుకే కాదు, కోటయ్య గారి లాంటి వాళ్ళకూ ఆయనంటే చిన్నచూపు.

"మీ మేడం చేయమందా, నువ్వు చేస్తున్నావా?" అన్నాడు.

"నేనే సార్."

"టేబుల్ మీద మనిషుంది, వదిలి రాలేను. అవ్వంగానే వస్తా. ఆలోగా కొయ్యమని చెప్పు, లోకల్ మత్తు ఇచ్చి అయినా కొయ్యమను!"

చెప్పాను. మేడం గారు విన్నారు. గడియారం చూశారు.

ప్రసాద్ సార్ వచ్చి గుడ్డ చూశాడు. "ఇదెప్పటి నుంచి?" అన్నాడు. మేడం గారు గ్లవుజులు తొడుక్కుంటున్నారు. "పొద్దుటి నుంచి సార్," అన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా సూది తీసుకున్నాడు. అప్పటికి వర్జ్యం దానంతట అదే దాటిపోయింది. ముహూర్తం ఎవరికీ తప్పలేదు.

బిడ్డ మెత్తగా, గుడ్డ మూటలా బయటికి వచ్చాడు. ఏడవలేదు. ప్రసాద్ సార్ తల్లిని నాకు అప్పగించి, బిడ్డ గొంతులో గొట్టం వేసి, పచ్చటి జిగురు లాగుతూ, గాలి కొడుతూ కూర్చున్నాడు. "రారా, రా నాయనా, ఒక్కసారి రారా," అని గొణుగుతూనే ఉన్నాడు. చాలాసేపటికి ఒక మూలుగు వచ్చింది. ఏడుపు కాదు. ఆ మూలుగుకే మేడం గారు టైం పలికారు.

తలుపు తీశాను. కోటయ్య గారు ఎదురొచ్చారు. "టైమెంతమ్మా? ముహూర్తంలోనే పడ్డాడా?"

"పడ్డాడు," అన్నాను. "ఏడవలేదు."

అంబులెన్సులో బిడ్డను గుంటూరు పంపారు. ప్రసాద్ సార్ దానిలోనే వెళ్ళాడు. ఆయనను ఎవరూ వెళ్ళమనలేదు. సాయంత్రం వరకు ఆయన కోసం ఎదురుచూసిన ఆసుపత్రులు ఆయన్ను ఎన్ని తిట్టుకున్నాయో నాకు తెలియదు.

ఆ వరండాలోనే నేను కోటయ్య గారితో అన్నాను. "పొద్దున తీసుంటే ఏడ్చేవాడు పెద్దాయనా. నీళ్ళు పచ్చగా పోయినప్పుడే చెప్పాను."

ఆయన నన్ను కొట్టినా అంత బాధ ఉండేది కాదు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. ఆ నీళ్ళతోనే, "నోరు మంచి చేసుకోమ్మా. పుట్టిన పూట అశుభం పలకబాకు," అన్నారు.

శాంతి హోమం

నిజం చెబితే జనం వింటారని నర్సింగ్ కాలేజీలో అనుకునేదాన్ని. నిజం వినాలంటే వినేవాడి వంతు తప్పు అందులో ఉండకూడదు. నా మాట ఒప్పుకుంటే కోటయ్య గారు తన మనవడిని బయటికి రానివ్వకుండా తానే ఆపానని ఒప్పుకోవాలి. ఆయన ఆసుపత్రి మీద కేసు వేయలేదు, ఒక్క మాట అనలేదు. ఆ విషయంలో ఆయన, మేడం గారు ఒకరికొకరు అండ.

కొన్నాళ్ళకు థియేటర్‌కు ఏదో దోషం తగిలిందని హోమం పెట్టారు. నెయ్యి కోటయ్య గారి ఇంటి నుంచి వచ్చింది. మేడం గారు, కోటయ్య గారు ఒకే అగ్ని ముందు కూర్చున్నారు. పురోహితుడు ఇద్దరి తలల మీదా నీళ్ళు చల్లాడు. లేచేటప్పుడు ఇద్దరి మొహాలూ తేలికగా ఉన్నాయి. నేను ఎవరినైనా అసహ్యించుకున్న క్షణం ఉంటే అదే. అదే సమయానికి శిరీష గుంటూరులో అద్దం బయట, కుట్లు పచ్చిగా ఉండగా, బిడ్డ గొట్టాల వైపు చూస్తూ కూర్చుని ఉంది. హోమానికి ఆమెను రానివ్వలేదు. పురుటి మైల అట.

"సుజాతా, నువ్వూ కూర్చోమ్మా, మనందరికీ మంచిది," అన్నారు మేడం గారు.

"శిరీషకు మంచి చెయ్యగలిగినదేదైనా ఉంటే చెప్పండి మేడం, చేస్తాను."

"అంతా మన చేతిలో ఉండదు. మనం నిమిత్తమాత్రులం."

"ఆ రోజు మీ చేతిలోనే ఉంది మేడం. కత్తి మీ చేతిలోనే ఉంది."

హాల్లో పొగ నిండి ఉంది. అందరూ విన్నారు. మేడం గారు చాలా మెల్లగా, "ఆ అమావాస్య తర్వాత నా పక్కన ఒక్కరు నిలబడ్డారా, చెప్పు," అన్నారు.  నిలబడలేదు, నిజమే. కానీ దానికి మూల్యం ఆ బిడ్డ చెల్లించాల్సిన పని లేదు. నేను ఆ రోజు ఇంటికి వచ్చేశాను, మళ్ళీ వెళ్ళలేదు. వెళ్ళినా రానిచ్చేవారు కాదు.

ప్రసాద్ సార్ కూడా ఆ ఆసుపత్రికి వెళ్ళడం మానేశాడని తర్వాత తెలిసింది.

శిరీష వచ్చింది

ఇవాళ మధ్యాహ్నం శిరీష మా ఇంటికి వచ్చింది. చూసి రెండేళ్ళు దాటింది. భుజాన బిడ్డ. మెడ నిలవదు, చేయి వదిలితే తల వెనక్కు పడిపోతుంది. కళ్ళు మాత్రం చక్కగా ఉన్నాయి, తల్లి గొంతు వినిపిస్తే నవ్వుతాడు. గుంటూరులో వ్యాయామం చేయించి వస్తూ దిగింది. ఆ వ్యాయామం చేయించే చోటు చూపించింది ప్రసాద్ సారేనట.

నీళ్ళు తాగి, పవిటతో బిడ్డ మూతి తుడిచి, అడిగింది.

"సుజాతక్కా, గ్రహణం రోజు నేను కూరగాయలు కోశానంట. అందుకే వీడు ఇట్టా పుట్టాడంట. మా మామయ్యా, అత్తయ్యా, ఊరంతా అదే అంటన్నారు. నేను కొయ్యలేదక్కా." బిడ్డ తల భుజం మీద సర్దుకుంది. "కోశానేమో. విని విని ఇప్పుడు నాకే గుర్తు రావట్లా."



"జాతకంలో ఊళ్ళేలతాడని రాశారు తెలుసా? దాన్ని పటం కట్టించి దేవుడి గదిలో పెట్టాడు మా మామయ్య. జాతకం అంత బాగుంటే తప్పు తల్లిలోనే ఉంటదంట. పండగ ఎళ్ళాక నన్ను మా అమ్మ వాళ్ళింటికి పంపిస్తారంట. వీడితో సహా. మా ఆయనకు ఇంకో సంబంధం చూస్తన్నారు."

"మురళి ఏమంటున్నాడు?"

"ఆయనేమంటాడక్కా, ఆయన ఎప్పుడన్నా ఏమన్నా అన్నాడా?"

అప్పుడు చెప్పాను, మొదటి నుంచి, గుడ్డ రంగుతో సహా. పూజ, వేలు, వర్జ్యం, గడియారం, అన్నీ. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నిటారుగా కూర్చుంది.

"ఈ మాట మా మామయ్య ముందర చెబుతావా?"

"అప్పుడే చెప్పానమ్మా. వినలా."

"ఆయన కోసం కాదక్కా. ఆయన వినడు. మా అత్త, మా ఆయన, చుట్టాలు అందరూ ఉంటారు ఆదివారం. అందరిలో నా ముందు చెప్పు. కూరగాయల వల్ల కాదని ఒక్కళ్ళన్నా చెప్పంగా నేను వినాల."

వస్తానన్నాను.

ఆమె వెళ్ళాక మా అత్తగారు వంటింట్లోంచి, "మనకెందుకే ఆ గొడవ? వాళ్ళు పేరున్నవాళ్ళు. ఆడపిల్ల తల్లివి," అన్నారు. మా ఆయన పేపరు మడిచి, "ఆలోచించుకో," అన్నాడు. నాకు భయం లేదని రాస్తే అబద్ధం. నేను ప్రతిదానికీ భయపడే మనిషిని. పిల్లకు జలుబు చేస్తే రాత్రంతా ఊపిరి లెక్కపెట్టే మనిషిని. నకరికల్లులో ఆ ఇంటి గుమ్మం ఎక్కాలంటే ఇప్పుడు కూడా భయమే. కానీ వెళ్ళకపోతే జరిగేది దానికంటే భయంగా ఉంది. ఒక తల్లి తాను చెయ్యని పనిని చేశానని నమ్ముతుంది.

అన్నం తినేటప్పుడు మా మేఘన, మూడో తరగతి పిల్ల, ముద్ద నోట్లో పెట్టుకోకుండా అడిగింది. "అమ్మా, పాపం చేస్తే అట్టాంటి పిల్లలు పుడతారంట కదా? నాన్నమ్మ చెప్పింది. ఆ అత్త ఏం పాపం చేసింది?"

పక్కన చిన్నోడు అక్క మొహం, నా మొహం మార్చి మార్చి చూస్తున్నాడు. నోట్లో మాట వచ్చేలోపు వాడికి పొలమారింది, ఆ హడావుడిలో జవాబు ఆగిపోయింది. 'పొద్దున చెబుతా' అన్నాను. ఎంత తేలిగ్గా అన్నాను ఆ మాట! ఆసుపత్రిలో మేమంతా అలాంటి మాటలతోనే బతికాం. ఎనిమిదేళ్ళ పిల్ల తలలోకి ఒక తల్లి తప్పు ఇలా వెళ్ళి కూర్చుంటుంది. రేపు పెద్దదై, ఏదో వరండాలో నిలబడి, అది కూడా గడియారం వైపు చూస్తుంది.

నర్సులు కాబోయే పిల్లలకు నా దగ్గర పెద్ద ఉపదేశం లేదు. దేవుణ్ణి నమ్మండి, నమ్మకపోండి, అది మీ సంగతి. నేను రోజూ దీపం పెడతాను. కానీ మనిషి ప్రాణం మీ ముందు ఉన్నప్పుడు, మీ పక్కన నిలబడినవాళ్ళ బొట్టు, శిలువ, మాల, టోపీ చూసి ధైర్యం తెచ్చుకోకండి. వాళ్ళ చేతులు ఏం చేస్తున్నాయో చూడండి. నాకు ఇది తెలియడానికి తొమ్మిదేళ్ళు పట్టింది, ఒక బిడ్డ పట్టింది.

పొద్దున

ఇది మర్నాడు రాత్రి, పిల్లలు పడుకున్నాక రాస్తున్నాను. పొద్దున మేఘనకు జడ వేస్తూ ఉన్నాను, చిన్నోడు పాలు తాగుతూ ఉన్నాడు. మా అత్తగారు తులసి కోట దగ్గర నీళ్ళు పోస్తున్నారు. వినపడే దూరమే. నేను గొంతు తగ్గించలేదు.

"ఆ అత్త ఏ పాపం చెయ్యలేదు. కూరగాయలు కొయ్యడం పాపం కాదు. ఆ బాబు అమ్మ కడుపులో ఉన్నప్పుడు వాడికి గాలి అందలా. వెంటనే తీయాల్సింది. పెద్దవాళ్ళు మంచి టైం కోసమని ఆగారు. అందుకని వాడికి దెబ్బ తగిలింది. బళ్ళో ఎవరన్నా అడిగితే ఇట్టాగే చెప్పండి."

"నాన్నమ్మ అట్టా చెప్పింది గదా మరి?" అంది మేఘన.

"నాన్నమ్మకు తెలియక చెప్పింది. నాన్నమ్మకు కూడా నువ్వే చెప్పు."

తులసి దగ్గర చెంబు చప్పుడు ఆగింది. నేను జడ ఆపలేదు.

"ఆదివారం నేను వాళ్ళింటికి పోతున్నా. మీరూ రండి. బాబు మీతో ఆడుకుంటాడు. వాడు కూర్చోలేడు కాబట్టి ఎత్తుకోవడం మీరు నేర్చుకోవాల. ఇట్టా రండి ఇద్దరూ. ముందు ఒక చెయ్యి తల కింద పెట్టాలి. గట్టిగా కాదు చిన్నోడా, మెత్తగా. ఆఁ, అట్టా. ఆ చెయ్యి మాత్రం ఎప్పటికీ తియ్యకూడదు."